“ఇంట్లో సెప్పినావాప్పా?”

పుంగనూరు సర్కారు ఆసుపత్రిలో పనిచేసిన నర్సమ్మ పోయిందని ఫోన్ వచ్చి పదిహేను రోజులైంది. ఆమె గురించి రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రాస్తే నా సంగతీ రాయాలి. మా ఆవిడ మాత్రం, “రాస్తే అంతా రాయి, ల్యాకుంటే పెన్ను మూసిపెట్టు” అంది.

నర్సమ్మ పుంగనూరు ఆవంత పొట్టి మనిషి. ఆవుల సంగతి మొదలుపెడితే నేను ఆపను, వదిలేస్తాను. పిల్లలు లేరని ఏ ఆడమనిషి వచ్చినా ఆమె మొదట అడిగేది, “మొగోడు యాడ?”

పెళ్లయిన ఆరేళ్లకు మేమూ ఆమె బెంచీ మీద కూర్చున్నాం. మా అమ్మ అప్పటికే నిమ్మనపల్లెలో నాకు ఇంకో పిల్లను చూసిపెట్టింది. నర్సమ్మ మమ్మల్ని కుప్పం ఆసుపత్రికి పంపింది. రంగుమందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేలో మా ఆవిడ గర్భనాళాలు రెండూ మూసుకుపోయి ఉన్నాయి. రక్తపరీక్షా చూసి, ఎప్పుడో సోకిన క్లామీడియా అనే సుఖవ్యాధి వల్ల అయ్యుంటుందన్నారు. ఆమెకు నొప్పి లేదు, జ్వరం లేదు. అలాంటిదొకటి ఒంట్లో ఉందనే తెలియదు.

కాగితం చదివి నర్సమ్మ నా వైపు తిరిగింది. “పెండ్లికి ముందు యాడాడ తిరిగినావప్పా?”

నేను కుర్రతనంలో దుప్పట్ల మూటతో ఊరూరా తిరిగినవాణ్ణి. సంతల పేర్లన్నీ చెప్పాను.

“సంతలు కాదు, రాత్రుళ్లు సెప్పు.”

చెప్పాను.

మాత్రలు ఇద్దరిచేతా ఒకేసారి మింగించి, నీళ్లు తానే అందించింది. “పురుగు సస్తాది గానీ నాళంలో పడిన మచ్చ పోదు. ముందే ఇద్దురూ వచ్చింటే మాత్రలతోనే పోయుండేది. ఇది మీ కాగితం, నేను బయట సెప్పకూడదు. ఈయమ్మ మీద పడిన గొడ్రాలు మాట నువ్వే తియ్యాల.”

నిమ్మనపల్లె సంబంధం వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. మా అమ్మ పోయేదాకా చెప్పలేదు. వెయ్యి కథలు చెప్పే నోరు ఈ ఒక్కదానికి పెగల్లేదు. నర్సమ్మ రిటైరయ్యాక కూడా, బస్టాండులో కనిపిస్తే నా నమస్కారం పూర్తికాకముందే అడిగేది.

“ఇంట్లో సెప్పినావాప్పా?”

“సెప్తానమ్మా.”

“ఎప్పుడు? నేను పోయినాంకనా?”

అలాగే అయింది.

ఆమె దినానికి మదనపల్లె నుంచి మేమిద్దరం, మా వదిన వెళ్లాం. భోజనాల పంక్తిలో వదిన పక్కావిడకు మా ఆవిణ్ణి చూపించి, “పాపం, గొడ్రాలు” అంది.

నేను విస్తరి మీంచి చెయ్యి తీశాను. “ఈమె కాదు వదినా. రోగం నేను తెచ్చినాను. నేనే ఈమెకు అంటించినాను. కుప్పం కాగితం పెట్టెలో ఉండాది. అమ్మకు సెప్పలే, నీకు సెప్తాండా.” పంక్తి చివరిదాకా వినబడేట్టే అన్నాను.

వదిన అన్నం వదిలి లేచింది. మా ఆవిడ ఇంకొంచెం సాంబారు వేయించుకుంది.