నవలలో నన్ను బతికించిన మామా

మామా పోయిందని రాయచోటిలో మా అమ్మకు ఫోన్ చేసి చెబితే, ఆవిడ గుండెలు బాదుకుని, "మీ మామ పోయినాడా? నిన్న సంతలో గూడా కనపడె గదే!" అంది. "నీ వియ్యంకుడు కాదుమా, ఈడ నేను పనిచేసే ఇంటామె" అని నచ్చజెప్పేసరికి నా ఏడుపు కాస్తా ఆగిపోయింది. కువైట్‌లో ఇంటి యజమానురాలిని మేమంతా మామా అనే పిలుస్తాం. మీరూ పొరబడతారేమోనని ముందే చెబుతున్నాను.

ఆమె ఇల్లు జాబ్రియాలో. పుట్టింది లెబనాన్‌లో, నవలలు రాసేది ఫ్రెంచిలో. రాసుకోవడానికి వేరే గది ఉన్నా వంటింట్లోనే కూర్చునేది. వాక్యం పైకి చదివి నా చేతుల వైపు చూసేది. పిండి పిసికే చేయి ఆగితే వాక్యం కుదిరినట్టు, ఆగకపోతే కొట్టివేత. నాకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. "అందుకే నువ్వు కావాలి. అర్థమైనవాళ్లు మొహమాటపడతారు" అనేది అరబ్బీలో. మా మాటలన్నీ ఆ భాషలోనే. ఒక్కోసారి చేయి నొప్పెట్టి ఆగినా మురిసిపోయేది. నేనెందుకు కాదంటాను?

ఒకరోజు తను రాస్తున్న నవలలో పనామె నేనేనని, చివర్లో సముద్రంలో పడి చనిపోతానని చెప్పింది. నాకు ఒళ్లు మండింది.

"నన్నెందుకు చంపుతావు మామా? ఊళ్లో నాకు ఇద్దరు ఆడపిల్లలున్నారు."

"కథే కదా!"

"కథైనా సరే, చావు రాతలొద్దు."

"ఎవరో ఒకరు పోకపోతే ఈ నవల నిలబడదు."

"అయితే ఖలాస్. రేపట్నుంచి నీ చదువు నువ్వే విను."

కొన్నాళ్లు ఆమె చదవలేదు, నేను పలకలేదు. తర్వాత "మార్చేశాను, యల్లా, లే, టీ పెట్టు" అంది. నిజంగా మార్చిందో, నా నోరు మూయించడానికి అందో తెలిసే దారి లేదు. ఆ నవలకే పెద్ద బహుమతి వచ్చింది. ఇల్లంతా సంబరంగా ఉంటే నేను పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి పెట్టేశాను. ఊళ్లో పిల్లకు జ్వరమని ఫోనొస్తే ఆ సముద్రమే గుర్తొచ్చేది.

మొన్న ఖననం అయ్యాక, పారిస్ నుంచి వచ్చిన మామా కూతురిని ఆగలేక అడిగేశాను. "ఆ పుస్తకంలో పనామె బతుకుతుందా?"

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. "బతుకుతుంది. చనిపోయేది ఆ ఇంటి మామా."

పుస్తకం తెచ్చి ఆ అమ్మాయి ముందు చివరి పేజీ తెరిచాను. "తర్వాత పనామె ఏం చేస్తుంది?"

"ఇంట్లో కిటికీలన్నీ తెరుస్తుంది."

బాగానే ఉంది! ఈ ఎండల్లో, ఈ దుమ్ములో, ఏసీ పెట్టుకుని కిటికీలు తెరిచే పిచ్చిది ఎవరుంటారు? మామాకు ఇంటి పని ఏనాడు తెలిసింది గనక! అలా తిట్టుకుంటూనే వెళ్లి వంటింటి కిటికీ తోశాను. వేడిగాలితో పాటు సన్నటి ఇసుక వచ్చి బల్ల మీద పరుచుకుంది. తుడవకుండా చూస్తూ కూర్చున్నాను.