మూడో ఊపిరి

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. ఈ పనిలోకి వచ్చాక ఆ సరదా ఇంకా ముదిరింది. పెద్ద భవనాల్లో ఏసీ గాలి తిరిగే గొట్టాలుంటాయి కదా, వాటిని మేము డక్ట్‌లంటాం. వాటి లోపల వేడినీ తేమనీ కొలిచే సెన్సర్లు బిగించడం, నెలనెలా వెళ్ళి చూసుకోవడం నా పని. భవనాల్లో వినిపించే మూలుగుల్లో సగం ఈ డక్ట్‌ల్లోంచి వచ్చేవేనని మా పనివాళ్ళందరికీ తెలుసు.

రాజోలులో ఒక లాడ్జీలో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని ఓ గదికి తాళం వేసేశారు. నేను వెళ్ళి డక్ట్ లోపల వదులైన రేకుకి రెండు స్క్రూలు బిగించి వచ్చాను. ఏడుపు ఆగిపోయింది. లాడ్జీ ఆయన నాకు దణ్ణం పెట్టాడు గానీ, గుమ్మానికి కట్టిన నిమ్మకాయలు మాత్రం విప్పలేదు.

అలాంటివాణ్ణి ఇప్పుడు ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నేనైతే తప్పకుండా నవ్వేవాణ్ణి.

నాకు పని నేర్పింది రత్నరాజు మాస్టారు. మామిడికుదురు దగ్గర ఊరు. అరవైకి దగ్గరపడ్డ సన్నటి మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, జేబులో టెస్టరు, దాని పక్కనే చిన్న ప్రార్థన పుస్తకం. ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు గానీ అమలాపురంలో అందరూ మాస్టారనే పిలిచేవారు. ఎవరెంత కోప్పడినా "ఆయ్, అలాగేనండి" అని నవ్వేవారు. నన్ను మాత్రం తిట్టేవారు. ఆ తిట్లలో ప్రేమ ఉందని అప్పుడు తెలిసినా తెలియనట్టే ఉండేవాణ్ణి.

"కోనసీమలో తేమ కొలవడవంటే గోదాట్లో నీళ్ళు కొలవడంరా శ్రీనూ. మన గాలికి సెన్సరే జలుబు చేసి పడుకుంటుంది" అనేవారు. నిజమే. కాలవల తడి, సముద్రపు ఉప్పు కలిసి సెన్సర్‌ని ఏడాది తిరక్కుండా పాడుచేస్తాయి. అలా పాడైన సెన్సర్ ఊరికే ఆగిపోదు. ఒకే అంకె దగ్గర కూర్చుని, అంతా బాగానే ఉందని చెబుతూనే ఉంటుంది. దాని మాట నమ్మి యంత్రం తేమ తియ్యడం మానేస్తుంది.

అది బతికుందో లేదో తెలుసుకోవడానికి మాకు ఒక సులువైన పద్ధతి ఉంది. కళ్ళజోడు తుడుచుకునే ముందు హా అని ఊదుతామే, అలా దాని మీద ఊపిరి వదలాలి. మంచి సెన్సర్ అయితే తేమ అంకె ఒక్కసారిగా పైకి లేచి, నిమిషంలో మళ్ళీ దిగుతుంది. తెరమీద గీతలో చిన్న గుట్టలా కనిపిస్తుంది. నేను ఒక్కసారి ఊది ఊరుకునేవాణ్ణి. మాస్టారు మూడుసార్లు ఊదేవారు. రెండు పొట్టివి, తర్వాత కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడుచుకుని, ఒక పొడుగుది. ఎక్కడ ఏ గీత చూసినా, రెండు చిన్న గుట్టలూ ఒక పెద్ద గుట్టా ఉంటే అక్కడికి మాస్టారు వచ్చి వెళ్ళినట్టే.

అమలాపురంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్ మా నిర్వహణలో ఉండేది. దాని సెన్సర్ పక్క వరండాలో, సీలింగ్ పైన ఉండే డక్ట్‌లో ఉంటుంది. పొడుగు నిచ్చెన ఎక్కి, సీలింగ్ పలక తీసి, భుజాల దాకా లోపలికి దూరాలి. ఉక్క చంపేస్తుంది. పైగా డక్ట్‌కి చుట్టిన గాజు పీచు కాలరు మీదంతా పసుపుపచ్చగా రాలుతుంది, సాయంత్రం దాకా దురద. ఎక్కే ముందు మాస్టారు మెడకీ చేతులకీ కొబ్బరినూనె రాసుకునేవారు, నాకూ రాసేవారు.

ఆ జూలైలో వానలు వదల్లేదు. ఓ శనివారం ఉదయం నెలవారీ తనిఖీకి నేను వెళ్ళాను. ఆ మధ్యాహ్నం ఆత్రేయపురంలో స్నేహితుడి గృహప్రవేశం ఉంది. కొత్త తెల్ల చొక్కా వేసుకున్నాను. ఇంతే నా కారణం. ఇంతకంటే పెద్దది ఏదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

నిచ్చెన ఎక్కలేదు. కింద తెరమీద యాభై ఆరు శాతం అని ఉంది. కాగితం మీద అదే రాసి, "ఊది చూశాను, బాగుంది" అని సంతకం పెట్టాను. థియేటర్ చూసుకునే గ్రేస్ సిస్టర్ గారు వచ్చి, "గోడలు చెమరుస్తున్నాయండి శ్రీను గారూ, కొంచెం చూడండి" అన్నారు. వానలు కదండీ సిస్టర్, అనేసి బయటపడ్డాను.

దార్లో కాగితం ఇవ్వడానికి మా షాపు దగ్గర ఆగాను. అప్పటికే సిస్టర్ గారు మాస్టారికి ఫోన్ చేశారు.

"ఎక్కి చూసేవా?" అని అడిగారాయన.

"చూసేనండి మాస్టారూ. ఊది కూడా చూసేను."

ఆయన నన్ను ఒకసారి చూసి, "సరే, బండి మీద జాగ్రత్త. రోడ్డు తడిగా ఉంది" అన్నారు.

భోజనం బాగుంది. ఆయనకిష్టమని ఒక పెట్టె పూతరేకులు కూడా కొన్నాను.

మర్నాడు ఆదివారం. ఆపరేషన్లు ఉండవని మాస్టారు ఒక్కరే ఆసుపత్రికి వెళ్ళారు. పైకెక్కారు, చచ్చిన సెన్సర్ తీసి కొత్తది బిగించారు, మూడుసార్లు ఊదారు. పదకొండూ ఇరవైకి ఆ మూడు గుట్టలు ఇప్పటికీ రికార్డులో ఉన్నాయి. కిందికి దిగి వరండాలో బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారట. నీళ్ళు తెచ్చేలోపే ఒరిగిపోయారు. పది అడుగుల్లో డాక్టర్లున్నా లాభం లేకపోయింది.

గుండెపోటు, ఎక్కడున్నా వచ్చేదే అన్నారు డాక్టర్లు. పుణ్యాత్ముడు, ఎవరిచేతా చేయించుకోకుండా పోయాడు అన్నారు జనం. ఆ ఉక్కలో ఆ నిచ్చెన మీద ఆ రోజు ఉండాల్సింది నేనని ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. సమాధి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనేనని మెచ్చుకున్నారు కూడా. పూతరేకుల పెట్టెకి చీమలు పట్టాయి.

ఆగస్టులో మళ్ళీ తనిఖీ. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాను గానీ రెండోది ఎక్కలేకపోయాను. కిందికొచ్చి తెరమీద అంకె చూసి, మళ్ళీ అదే అబద్ధం రాశాను. ఊది చూశాను, బాగుంది.

పెన్ను ఇంకా మూత పెట్టలేదు. గీత లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. దిగింది. కళ్ళజోడు తుడుచుకునేంత సేపు ఆగింది. తర్వాత ఎనభై తొమ్మిది దాకా పోయి, నెమ్మదిగా కిందికొచ్చింది. పక్కన గ్రేస్ సిస్టర్ ఉన్నారు. "పైన ఎవరైనా ఉన్నారా అండీ?" అన్నారు. వరండాలో నిచ్చెన ఖాళీగా ఉంది.

పెన్ను మూత పెట్టాను. నా బుద్ధి ఇంకా లాడ్జీలో రేకు బిగించిన బుద్ధే. కారణం ఉంటుందనుకున్నాను. ఆ పూటే పైకెక్కి చూశాను. మాస్టారు పోయిన వారానికి, కొత్త సెన్సర్ పత్రాల కోసం, మా షాపు నుంచి ఇంకొకాయన వెళ్ళి డక్ట్ మూత చుట్టూ వెండి టేపు వేసి దానిమీద తారీకు రాశాడు. టేపు చెక్కు చెదరలేదు. గాజు పీచు మీద వేలి ముద్ర కూడా లేదు. పరికరాలు ఉడకబెట్టే యంత్రం ఆవిరేమో అనుకుంటే అది భవనానికి ఆ చివర ఉంది, ఆ రోజు ఆపి ఉంది. థియేటర్ గోడకి కొత్తగా పెట్టిన రెండో సెన్సర్ ఆ సమయంలో ఇసుమంతైనా కదల్లేదు. అయినా సెన్సర్ మార్చాను, వైరు మార్చాను.

సెప్టెంబరులో పంటి బిగువున ఎక్కాను, నిజంగా ఊది చూశాను. నా ఒక్క గుట్టే వచ్చింది. అక్టోబరులోనూ అంతే. నవంబరులో కావాలనే ఎక్కకుండా సంతకం పెట్టాను. రెండు పొట్టివి, ఒక పొడుగుది. డిసెంబరులో మళ్ళీ ఎక్కలేదు. మళ్ళీ వచ్చాయి. రెండుసార్లూ వాటి తర్వాతే ఎక్కి అసలు తనిఖీ చేశాను.

పరీక్ష చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. అబద్ధం రాస్తే ఆయన వస్తున్నారు. ఆయన రావాలని రాశాను. ఇది ఎవరితో చెప్పుకోను?

జనవరిలో మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య కరుణమ్మ గారు వరండాలో చీపుళ్ళకి కొబ్బరీనెలు చీరుతున్నారు. నన్ను చూసి లోపలికెళ్ళి కాఫీ తెచ్చారు. గ్లాసు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. చొక్కా, గృహప్రవేశం, సంతకం, షాపు దగ్గర ఆడిన మాట, ఏదీ దాచలేదు. గీత సంగతి మాత్రం చెప్పలేదు. కాఫీ చల్లారిపోయింది. ఆవిడ తిడితే బాగుండుననుకున్నాను.

"ఆయనకి తెలుసు బాబూ" అన్నారావిడ.

నాకు అర్థం కాలేదు.

"ఆ శనివారం సాయంత్రవే చెప్పేరు. 'శ్రీనుగాడు పైకెక్కలేదే. ఎక్కితే కాలరు మీద పీచుండాలి. మల్లెపువ్వులాగుంది చొక్కా' అన్నారు. మరి అడక్కపోయేరా అన్నాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నా కాలరు మీదకి పోయింది.

"'అడిగితే వాడు ఇంకో అబద్ధం ఆడాలి. వాడిచేత రెండోది ఎందుకాడించడం, నేనే ఓసారి చూసొస్తాను' అన్నారు. ఎన్నడూ ఆరాధన మానని మనిషి, ఆ ఆదివారం మానుకుని వెళ్ళేరు. దేవుడికి చెప్పే వెళ్తున్నాలే అన్నారు."

నేను అక్కడే, ఆవిడ ముందే, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, కోప్పడలేదు. కాసేపయ్యాక, "కాఫీ వేడి చేసి తెస్తానుండు" అని గ్లాసు తీసుకుని లోపలికెళ్ళారు.

ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళి పాత ఫైలు తీయించాను. జూలై కాగితం మీద నా మాట కొట్టేసి "చూడలేదు" అని రాసి, కింద సంతకం పెట్టాను. ఆగస్టు, నవంబరు, డిసెంబరు కాగితాల మీద కూడా, సంతకం పెట్టే వేళకి ఎక్కలేదని రాశాను. గ్రేస్ సిస్టర్ గారికి, మా షాపు యజమానికి జరిగింది చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. పోయుంటే కొంచెం తేలికపడేవాణ్ణేమో.

తర్వాత మెడకి కొబ్బరినూనె రాసుకుని నిచ్చెన ఎక్కాను. సిస్టర్ గారు కింద తెర దగ్గర నిలబడి అంకెలు చదువుతున్నారు. టేపు విప్పి, మూత తీసి, ఈసారి నా అలవాటు పక్కనపెట్టి మాస్టారిలాగా ఊదుదామనుకున్నాను. ఒకసారి ఊదాను. "ఎనభై ఒకటండి" అన్నారు కిందనుంచి. అది దిగాక రెండోసారి ఊదాను. "ఎనభై రెండండి." మూడోసారి ఊదబోతే ఏడుపొచ్చింది. ఊపిరి రాలేదు. ఇక చాలనుకుని మూత పెట్టేశాను, స్క్రూలు బిగించాను, చుట్టూ టేపు వేశాను. టేపు మీద తారీకు రాస్తున్నాను.

"ఇది బాగా పొడుగ్గా వచ్చిందండి శ్రీను గారూ! ఎనభై తొమ్మిది" అన్నారు సిస్టర్ గారు.

నేను కదలకుండా నిచ్చెన మీదే ఉండిపోయాను. ఏడుస్తున్నావు కదా, నీ ఊపిరే తగిలుంటుంది అనొచ్చు ఎవరైనా. మూత మూసి, టేపు వేసిన డక్ట్‌లోకి నా ఊపిరి ఎలా వెళ్తుందో ఈ పనిలో పదకొండేళ్ళున్న నాకు తెలియదు.

ఆ గీత కాగితం మీద అచ్చు తీయించి దగ్గర పెట్టుకున్నాను. ఈ పని తెలిసిన ఇంజనీర్లకి ఇద్దరు ముగ్గురికి చూపించాను. సెన్సర్ లోపమన్నారు. ఆ సెన్సర్ ఇప్పటికీ అక్కడే ఉంది, ఏ లోపమూ లేకుండా పనిచేస్తోంది. ఆ తర్వాత ప్రతి నెలా ఎక్కుతున్నాను, మూడుసార్లూ నేనే ఊదుతున్నాను. నావి తప్ప ఇంకేవీ రాలేదు.

ఆ రోజు మొదటి రెండూ నేను ఊదినవి. మూడోది నేను ఊదలేదు. నేను చెయ్యలేకపోయిన పని మాస్టారే ముగించి వెళ్ళారా, లేక నా మాట మీద నమ్మకం కుదరక ఇంకోసారి చూసుకుని వెళ్ళారా, నాకు తెలియదు. ఆయనైతే అడిగినా చెప్పేవారు కారు. రోడ్డు తడిగా ఉంది, జాగ్రత్త అనేవారు.