ఎడమవైపు నాడా

2023 ఎండాకాలం. గద్వాల పాత బస్టాండు వెనక సందులో నా టైలర్ షాపు. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడ అలమారలో కొలతల పుస్తకాలు. ముప్పై నాలుగేళ్లుగా ఇక్కడే కూర్చుని జాకెట్లు, లంగాలు కుడుతున్నాను. మా ఊరు చీరలకు పేరు. నేసినవాళ్లకు పేరొస్తుంది, కట్టుకున్నవాళ్లకు పేరొస్తుంది. దాని మీదికి జాకెట్టు కుట్టినదానికి మాత్రం "ఇంకా కాలేదా మాణిక్యమ్మా?" అన్న మాటే వస్తుంది. అయినా ఈ పనంటే నాకు ప్రాణం.

ఆ రోజు మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి నవీన్ అని ఒకతను వచ్చాడు. సినిమా కాస్ట్యూమ్స్ చూసుకునే మనిషి. మా వీధి పిల్ల రేణుక మీద సినిమా తీస్తున్నారట. రేణుక అంటే ఉమ్మడి పాలమూరు జిల్లా నుంచి బాక్సింగ్ రింగులోకి దిగిన మొదటి ఆడపిల్ల. మగ్గం ఇంట్లో పుట్టి, దేశం తరఫున కొట్లాడి, ఇప్పుడు హైదరాబాద్‌లో కోచ్‌గా పిల్లలకు నేర్పుతోంది. ఆమె తల్లి నర్సమ్మ నాకు వదినె వరస. చుట్టరికం లేదు, పిలుపే.

నవీన్ సంచిలోంచి పాత మెరూన్ నిక్కరు ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. రేణుక మొదటి పోటీలో వేసుకున్నది. ఇన్నేళ్లూ బీరువాలో దాచుకుందట.

"ఇలాంటివి రెండు కావాలమ్మా. ఖాకీ నిక్కర్లు ఇంకో ఐదు. ఐదూ ఒకేలా ఉండాలి."

"ఖాకీవి ఐదెందుకు నాయనా?"

"అవి సీన్‌లో కత్తిరించేవి. షాట్ బాగా రాకపోతే మళ్లీ తీయాలి కదా, ప్రతిసారీ కొత్తది కావాలి. డూప్‌లంటాం."

ఎవరు కత్తిరిస్తారని అడిగాను. తల్లి అన్నాడు. వాకిట్లో అందరి ముందూ తల్లి కూతురి నిక్కరును ముక్కలు చేస్తుందట. అప్పుడు స్కూల్ పీఈటీ సారు హైదరాబాద్ వెళ్లి ఈ మెరూన్ నిక్కరు కొనుక్కొచ్చి ఇస్తాడట. దాంతో పిల్ల వనపర్తిలో గెలుస్తుందట. నేను నిక్కరును చేతిలోకి తీసుకున్నాను. లోపలివైపు తిప్పాను. నా కుట్టు నాకు తెలియదా?

"ఒక్క మార్పు," అన్నాడు నవీన్. "నడుం బిగించే నాడా ముందుకు పెట్టండి. ఇందులో ఎందుకో ఎడమ పక్కకి ఉంది. ఆ హైదరాబాద్ షాపువాడు తప్పు కుట్టినట్టున్నాడు."

నాకు రోషం వచ్చింది. "షాపోడెవడు? నేను కుట్టిన అది!" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదంటారు. నా నోట్లో ఆ గింజ ఇరవై రెండేళ్లు నానింది. పని మీద మాట పడేసరికి బయటికి ఊడిపడింది. నవీన్ ఏమేమో అడిగాడు. రేపు రమ్మని పంపేశాను.

అసలు సంగతి ఇది. 2001లో రేణుకకు పదిహేనేళ్లు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన పీఈటీ సారు నలుగురు ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి ముగ్గురు మానేశారు. రేణుక మాత్రం అన్న ఖాకీ నిక్కరు వేసుకుని పొద్దున్నే గ్రౌండుకు పోయేది. ఒకరోజు వాళ్ల పెదనాయన చూశాడు. ఆ ఇంట్లో ఆయన మాటకు తిరుగు లేదు. ఇల్లంతా ఒక్కటే రచ్చ. నర్సమ్మ మగ్గం మీంచి లేచి, కత్తెర తెచ్చి, అందరి ముందూ ఆ ఖాకీ నిక్కరును ముక్కలు చేసింది. వీధంతా చూసింది. రేణుకా చూసింది. సినిమావాళ్లు అబద్ధం తీయడం లేదు.

కానీ మర్నాడు పొద్దున నేనింకా షట్టర్ పూర్తిగా ఎత్తకముందే నర్సమ్మ వంగి లోపలికి వచ్చింది. కొంగు కింద మెరూన్ పాప్లిన్ లంగా. అంతకు వారం ముందే జాతరకు నాతో కుట్టించుకున్నది. ఇంకా ఒక్కసారైనా కట్టలేదు.

"దీన్ని నిక్కర్ జెయ్యి," అంది.

"నాకు నిక్కర్లు కుట్టుడు రాదు వదినె."

"లంగ కుట్టనీకి వచ్చు గద. రెండు కాళ్లు ఎక్కువ, అంతే."

కొత్త బట్ట కొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. కత్తెర పట్టుకుని నిలబడిపోయాను. నర్సమ్మ నా చేతిలోంచి కత్తెర లాక్కుని కింద అంచు నుంచి నడిమికి నిలువునా కోసేసింది. ముందురోజు ఖాకీ కోసిన చెయ్యే అది. నేను కాళ్లు కలిపి, ఆసనం వదులుగా పెట్టి కుట్టాను. ఆసనమంటే రెండు కాళ్లు కలిసే చోటు. అది బిగువైతే మనిషి అడుగు వెయ్యలేదు. నడుము దగ్గర నాడా దూర్చే మడతను మేం నేఫా అంటాం. దాన్ని మాత్రం ఉన్నదున్నట్టే వదిలేశాను. లంగాకు నేఫా చీలిక ఎడమ పక్కనే ఉంటుంది కదా. అలా నిక్కరు నాడా కూడా ఎడమకే వచ్చింది. విప్పి కుట్టడానికి టైం లేదు, పోటీ మర్నాడే.

నర్సమ్మ దాన్ని పీఈటీ సారుకు ఇచ్చి, నువ్వే కొనిచ్చినట్టు చెప్పమంది. నాతో ఒట్టు వేయించుకుంది. రేణుక వనపర్తిలో గెలిచింది. పేపర్లో ఫోటో పడింది, ఎడమ పక్క నాడా వేలాడుతూ. అది తన అదృష్టమని ఆ తర్వాత ప్రతి పోటీకీ ఎడమకే ముడి వేసుకునేదట. ఆ పేపరు చూసి నా తప్పుకు నేనే మురిసిపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. ఈ పిల్ల రచ్చ గెలిచింది కానీ ఇంటికి రావడం తగ్గించేసింది. పండగకు వచ్చినా అమ్మతో రెండు మాటలు, అంతే.

నవీన్ వెళ్లిన సాయంత్రమే నర్సమ్మ ఇంటికి పోయాను. మోకాళ్ల నొప్పులతో మగ్గం ఎక్కడం మానేసింది, చాపమీద కూర్చుని రాట్నంతో కండెలకు నూలు చుడుతోంది. పెదనాయనా లేడు, మొగుడూ లేడు. ఇక భయపడాల్సిన మనిషే లేడు.

"వదినె, సినిమాల నువ్వు నిక్కర్ కోస్తవంట."

"కోసిన గద."

"కోసినవ్. తెల్లారి చేసింది సూపియ్యరంట. నేను చెప్త."

"నోరు మూస్కో. ఒట్టు ఏసినవ్."

"ఇన్నేండ్లు బిడ్డకైనా ఎందుకు చెప్పలే నువ్వు?"

ఆమె రాట్నం తిప్పుతూనే ఉంది. "నా మీద కోపంతోని కొడ్తుండె అది. సారు చెప్పిండు నాకు, కోపం ఉన్న పిల్ల గట్టిగ కొడ్తదని. నేను చెప్తే కోపం పోతది. కోపం పోతే ఏం కొడ్తది?"

"ఇప్పుడు కొట్టుడు బందైంది గద."

"ఇప్పుడు చెప్తే? గిన్నేండ్ల కోపం ఉత్తదేనని తెలిస్తే బిడ్డ పానం ఏమైతది? నన్ను తిట్టుకుంట పెద్దగైంది. తిట్టుకోనియ్యి."

నాకు ఒళ్లు మండింది. "రేపు ఊరంత తిడ్తది నిన్ను, టికెట్ కొనుక్కోని మరీ!"

"నేను సినిమాకు పోతెనే గద." రాట్నం ఆగింది. మెల్లగా అడిగింది, "షూటింగ్‌కు బిడ్డ వస్తదా?"

వస్తుందన్నాను. చెప్పనా అని మళ్లీ అడిగాను. అవుననలేదు, వద్దనలేదు. "నేనైతే చెప్ప," అంది. టైలర్‌కు ఆ మాత్రం సందు చాలు.

వారానికి రేణుక వచ్చింది. అమ్మ ఇల్లు రెండు వీధుల అవతలే అయినా లాడ్జిలో దిగింది. నిక్కర్లు చూడడానికి షాపుకు వచ్చి, "అత్తా, ఖాకీవి అచ్చం గట్లనే ఉన్నయ్," అని ఒకదాన్ని తడిమి వెంటనే వదిలేసింది. ముప్పై ఏడేళ్ల మనిషి. ముక్కు రెండుసార్లు విరిగిందట. ఆ బట్ట ముట్టుకోగానే మొహం పదిహేనేళ్ల పిల్లదైపోయింది.

పాత మెరూన్ నిక్కరును, మామూలు లంగా ఒకదాన్ని పక్కపక్కన పెట్టాను. "రెండింటి నేఫా సూడు," అన్నాను.

వేళ్లతో తిప్పి తిప్పి చూసింది. "ఇది లంగ నేఫా లెక్కున్నది అత్తా."

"లంగనే. ఎవరిదనుకుంటున్నవ్?"

"సార్ హైదరాబాద్‌ల కొన్నడు గద ఇది."

"మీ సార్ కాడ లంగ యాడికెళ్లొచ్చెనే పిచ్చిదానా?"

అప్పుడు మొత్తం చెప్పాను. షట్టరు కింది నుంచి వంగి రావడం, కత్తెర లాక్కోవడం, సారు చేతికి ఇవ్వడం, మొన్న రాట్నం దగ్గర నర్సమ్మ అన్న మాటలు కూడా. రేణుక స్టూలు మీద కూలబడింది. ముందు ఏడవలేదు. కోపం వచ్చింది.

"ఇరవై రెండేండ్లు! నీకెర్క, సార్‌కు ఎర్క, నాకే ఎర్కలేదు! నేనేం పాపం చేసిన అత్తా?"

తిట్టించుకున్నాను. తిట్టి తిట్టి, నా కటింగ్ బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు పోయి ఆమెతోని ఏమని మాట్లాడాలె? నాకు తెల్వది," అంది.

నా మెడలోని టేపు తీసి ఆమె చేతిలో పెట్టాను. "మాట్లాడకు. మీ అమ్మకు మెరూన్ లంగ కుట్టాలె. నా పుస్తకంల ఉన్న కొలత పాతది. నడుం కొలత పట్కరాపో."

అది అబద్ధం. నర్సమ్మను రోజూ చూస్తాను, కంటితోనే కొలత చెప్పగలను. కానీ నడుము కొలత తియ్యాలంటే మనిషి చుట్టూ రెండు చేతులూ వెయ్యక తప్పదు. టేపును వెనక నుంచి తిప్పి ముందుకు తెచ్చేలోపు మొహం ఎదుటివాళ్ల భుజం దాకా వస్తుంది. ఈ సంగతి టైలర్లకు తెలుసు, బాక్సర్లకు తెలియదు.

రెండు గంటలకు తిరిగొచ్చింది. టేపు ఆమె మెడలో వేలాడుతోంది. నేను పుస్తకం తీసి, ముప్పై రెండు అని ఉన్నచోట వేలు పెట్టి, ఎంతొచ్చిందని అడిగాను.

"ఇరవై ఆరు," అంది. "గింత చిన్నగైందేంది అత్తా మా అమ్మ?"

పాత అంకె కొట్టేసి కొత్తది రాశాను.

రేణుక వెళ్లి డైరెక్టరుతో కొట్లాడింది, ఈసారి గ్లౌజులు లేకుండా. కత్తెర సీను అలాగే ఉంచి, దాని వెనకే మర్నాటి పొద్దున కలిపారు. నవీన్ మళ్లీ వచ్చాడు, ఐదు మెరూన్ లంగాలు కావాలని. కొయ్యడానికే! డూప్‌లంటే ఏమిటో తెలిసిన దాన్ని కాబట్టి ఈసారి ఎందుకని అడగలేదు. నా పాత్రకు బక్కపల్చని పిల్లను పెట్టారు, దానికి మిషన్ తొక్కడం కూడా రాదు. నన్నొక మాట అడిగుంటే బాగుండేది.

సినిమా వచ్చాక గద్వాలలో మార్నింగ్ షోకి ముగ్గురం పోయాం. నర్సమ్మను నడుమ కూర్చోబెట్టాం. రానని మొండికేసిన మనిషి కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఖాకీ నిక్కరు ముక్కలవుతుంటే వెనక వరసలో ఎవడో "ఏం తల్లిరా ఇది!" అన్నాడు. నర్సమ్మ తల దించుకుంది. రేణుక వెనక్కి తిరగబోతే నేను నర్సమ్మ మీంచి చెయ్యి చాపి ఆపాను, కొడితే వాడు బతకడు. తల్లి చేతిని మాత్రం గట్టిగా పట్టుకుంది.

తెర మీద షట్టరు సగం లేచింది. ఒక ఆడమనిషి వంగి లోపలికి వచ్చింది. కత్తెర లాక్కుంది, లంగా కోసింది. తర్వాత వెనక నుంచి, ఇందాకటి ఆ నోటినుంచే, ఒక ఈల వచ్చింది. దాని వెంట హాలంతా ఈలలు.

నర్సమ్మ నా చెవి దగ్గరికి వంగింది. కళ్లనిండా నీళ్లు. "నా లంగ ఊరంత సూసింది గదనే మాణిక్యం, నీ నోరు పాడుగాను!"

ఇదంతా నాకు నేర్పింది పని సంగతే. అంతకుముందు ఎవరైనా "కొలత నీ పుస్తకంల ఉంది గద, గదే ఎయ్యి" అంటే సరేనని కుట్టేసేదాన్ని. ఇప్పుడు ఒప్పుకోను. ఎంత తెలిసిన మనిషైనా లేచి నిలబడమంటాను, చేతులు పైకెత్తమంటాను, కొత్తగా తీసుకుంటాను. పాత కొలతతో కుట్టినది కొత్త మనిషికి పట్టదు. చాలామంది విసుక్కుంటారు, విసుక్కోనీ.

నర్సమ్మ వదినెకు మాత్రం నేను కొలత తియ్యను. ఆమె లంగా బట్ట తెచ్చిస్తే మడిచి పక్కన పెడతాను. రేణుక వచ్చేదాకా దాని మీద కత్తెర పెట్టను.