నిజం, అబద్ధం

జైలు ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా టైపు చేస్తున్న ఆమెను ఖైదీల నుంచి జైలరు దాకా అందరూ టైపమ్మ అనే పిలుస్తారు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ సోమవారం మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

వంటగదిలో పనిచేసే ఖైదీ, గరిటె అని పేరుపడ్డవాడు, మర్నాడే విడుదల కమిటీ ముందుకు వెళ్ళాలి. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన రోజు. అతని ఫైలు మీద మానసిక నిపుణుడు ఒక్క ముక్క రాసి పడేశాడు: "మొదటి రకం. విడుదల తగదు."

ఖైదీ తన గురించి తానే జవాబులు పెట్టాల్సిన పరీక్ష అది. తొంభై వాక్యాలు. వాటిని బట్టి కరుడుగట్టినవాళ్ళను రెండు రకాలుగా విడదీస్తారు. భయమూ జాలీ లేని చల్లటివాళ్ళు మొదటి రకం, లోలోపల ఉడికిపోతూ మీదపడేవాళ్ళు రెండో రకం. చల్లటివాళ్ళు ఎన్నటికీ మారరని నిపుణుడి నమ్మకం.

టైపమ్మ జవాబుల కాగితం తిరగేసింది. "ఎవరేడ్చినా నాకు పట్టదు." నిజం. "దిగులుతో నిద్ర పట్టదు." అదీ నిజమే. తొంభైకి తొంభై నిజం. ఈ పెద్దమనిషి కూడికలు వేసుకున్నాడే గాని, కళ్ళు పెట్టి చూశాడా? చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

ఆమె విసవిసా వంటగదికి నడిచింది.

"ఏమయ్యా, అన్నిటికీ నిజమనే టిక్కు ఎందుకు పెట్టావు?"

గరిటె తడిచేతులు తుడుచుకున్నాడు. "అబద్ధం మీద టిక్కు పెడితే నేను అబద్ధం చెప్పినట్టేగా అమ్మా. కోర్టులో ఒకసారి చెప్పాను. ఇక జన్మలో చెప్పనని మా పాపకి మాటిచ్చాను."

తప్పు ఎక్కడ జరిగిందో టైపమ్మకు తెలిసిపోయింది. ఆ పరీక్ష మూలప్రతిలో "నాకు వర్తిస్తుంది, నాకు వర్తించదు" అని ఉండేది. వీళ్ళకేం అర్థమవుతుందిలే అని, తేలిగ్గా "నిజం, అబద్ధం" అని మూడేళ్ళ కిందట టైపు కొట్టింది తానే. తన అతితెలివిని తిట్టుకుంటూ నిపుణుడి గది తలుపు తోసింది.

"సార్, తప్పు నాది. అతన్ని మళ్ళీ కూర్చోబెట్టండి."

"ఫారం తప్పంటే మూడేళ్ళ రిపోర్టులన్నీ తప్పే అవుతాయి. మీ పని మీరు చూసుకోండి."

ఆమె తన పనే చూసుకుంది. జరిగిందంతా టైపు చేసి, కింద సంతకం పెట్టి, కమిటీ చేతికి తానే ఇచ్చింది. ఫారంలో మాటలు మార్చినందుకు వాళ్ళు ఆమెకో మెమో ఇచ్చారు. గరిటె విడుదల ఆర్నెల్లు వాయిదా వేసి, ఈసారి మూలప్రతిలో ఉన్న మాటలతోనే పరీక్ష పెట్టమన్నారు. నిపుణుణ్ణి మాత్రం పల్లెత్తు మాట అన్నవాడు లేడు.

కబురు చెప్పడానికి ఆమె కోపంగానే వెళ్ళింది. గరిటె "ఆర్నెల్లా" అని గొణిగి, ఆమె మళ్ళీ టైపు చేసి తెచ్చిన పరీక్ష కాగితం చేతిలోకి తీసుకున్నాడు. టిక్కు పెట్టాల్సిన చోట వేలు ఆపాడు.

"అమ్మా, వర్తించడమంటే ఏంటి?"