పేరులేని తెల్ల డబ్బీ

రిటైర్ అవడానికి రెండేళ్ల ముందు, ఎండాకాలంలో, నన్ను చేవెళ్ల, మొయినాబాద్ మండలాలకు డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. మా పని మందుల షాపుల తనిఖీయే అని చాలామంది అనుకుంటారు. ముఖానికి రాసుకునే క్రీములూ అదే చట్టం కిందికి వస్తాయి. నిజం చెప్పాలంటే, అప్పటిదాకా వాటి జోలికి నేను పెద్దగా వెళ్లలేదు.

చేరిన నెలలోపే చేవెళ్ల దవాఖాన డాక్టరమ్మ ఫోన్ చేశారు. సురంగల్ నుంచి అనిత అనే అమ్మాయి వచ్చిందట. పూల తోటలో పని. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బుతోంది, కాళ్లు నొక్కితే గుంట పడుతోంది. షుగర్ లేదు, బీపీ లేదు, మూత్రంలో మాత్రం ప్రోటీన్ విపరీతంగా పోతోంది. ముఖానికి ఏం రాస్తున్నావని అడిగితే సంచిలోంచి ఒక తెల్ల డబ్బీ తీసింది. దాని మీద కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. ఇలాంటి క్రీముల్లో కొందరు పాదరసం కలుపుతారు. చర్మానికి రంగునిచ్చే పదార్థం తయారు కాకుండా అది అడ్డుపడుతుంది. కొన్నాళ్లకే తెలుపు కనిపిస్తుంది. కానీ ఆ పాదరసం చర్మం గుండా లోపలికి చేరి కిడ్నీలను దెబ్బతీస్తుంది.

ఆ డబ్బీ మొయినాబాద్‌లో సుజాత అనే ఆమె నడిపే బ్యూటీ పార్లర్‌లో కొన్నది. మరునాడే వెళ్లాను. నలభై దాటిన మనిషి. గుర్తింపు కార్డు చూపగానే కుర్చీ వేసి, అడగకముందే అల్మారా తెరిచింది. విప్పని డబ్బీలు నమూనాగా తీసి నాలుగు భాగాలు చేశాను. ఒకటి అమ్మినవారికి, ఒకటి ప్రభుత్వ ప్రయోగశాలకు, ఒకటి కోర్టుకు, ఇంకొకటి సరుకు ఇచ్చినవారికి. లక్కతో సీలు వేసి, నోటీసు మీద సంతకం తీసుకుని, మిగిలినవి అమ్మవద్దని ఉత్తర్వు రాసిచ్చాను. సరుకు ఎవరిచ్చారని అడిగితే, నగరం నుంచి బ్యాగుతో వచ్చే మనిషి అని, బిల్లు లేదని, ఫోన్ నంబరు మాత్రం ఉందని చెప్పింది.

"ముందుగాల నా మొఖానికే రాసుకున్న మేడం. మంచిగ అనిపించినంకనే వేరేటోళ్లకు ఇచ్చిన."

మామూలుగా అయితే అక్కడితో నా పని ముగిసినట్టే. కానీ ప్రయోగశాల రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది. ఈలోపు డబ్బీలు కొన్నవాళ్లు రాసుకుంటూనే ఉంటారు. ఎవరెవరికి ఇచ్చావని అడిగాను. ఆమె అల్మారా తలుపు మూసింది. ఆ పేర్లు చెబితే పార్లర్ నడవదని ఇద్దరికీ తెలుసు. అనిత కాళ్ల వాపు గురించి చెప్పాను. సుజాత చీర అంచు కొంచెం పైకి లాగి, తన చీలమండ మీద వేలితో నొక్కింది. గుంట అలాగే నిలిచింది. ఆ వాపు రోజంతా నిలబడి పనిచేయడం వల్ల అనుకుంటోందట.

"కేసుల నా పేరు రాస్తరా?"

రాయక తప్పదని, సహకరించిన సంగతి కూడా రాస్తానని చెప్పాను.

"రాయుండ్రి. గని ఆళ్లకు ఫోన్ల చెప్తే నమ్మరు. నేనే ఇంటింటికి పోత."

మూడు రోజులు తిరిగింది. మొదటి రోజు నేనూ వెంట ఉన్నాను. చిల్కూరులో డబ్బీ కొన్నామె అత్తగారు గడపలోనే నిలబెట్టి తిట్టింది. సుజాత తల వంచుకుని అంతా విని, డబ్బీ తీసుకున్నాకే కదిలింది. మోకిలలో ప్లాట్లు అమ్మే ఆఫీసులో పనిచేసే అమ్మాయి డబ్బీ ఇవ్వనంది. మళ్లీ నల్లబడతానని ఆమె భయం.

"అయితవ్ బిడ్డ, అబద్ధం చెప్ప. గని నా కాళ్లు చూడు," అంది సుజాత.

ఆ అమ్మాయి లోపలికి వెళ్లి డబ్బీ తెచ్చింది.

మొత్తం పదిహేడు మంది. అందరికీ చేవెళ్లలో మూత్ర పరీక్ష చేయించాం. అనిత, సుజాత కాక ఇంకో ఇద్దరిలో ప్రోటీన్ కనిపించింది. రిపోర్టులో పాదరసం అనుమతించిన మోతాదుకు ఎన్నో రెట్లు ఉన్నట్టు తేలింది. సుజాత ఫోన్ చేసి పిలిస్తే బ్యాగు మనిషి సరుకుతో వచ్చాడు, మాకు దొరికాడు. అతను చెప్పిన గోదాము సంగతి నగరంలోని మా సహోద్యోగికి అప్పగించాను. క్రీము మానేసి, నెలల తరబడి మందులు వాడాక అనిత వాపు తగ్గింది. సుజాతకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. పార్లర్ చాలా రోజులు మూతపడింది. తర్వాత కనుబొమలు, జుట్టు పని వరకే తెరిచింది. నేను రిటైర్ అయ్యేనాటికి ఆమె మీద కేసు నడుస్తూనే ఉంది.

డబ్బీలో ఏముందో ప్రయోగశాల చెబుతుంది. అది ఎవరి ఒంటికి చేరిందో అమ్మిన మనిషి మాత్రమే చెప్పగలదు. అడుగు పెట్టగానే ఆ మనిషిని దొంగలా చూస్తే ఆ పేర్లు దొరకవు. తర్వాత మిగిలిన సర్వీసులో, సీలు వేయకముందే ఎవరెవరికి ఇచ్చారన్న ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను.