బూట్ల కింద పేపరు

ఎనభైల చివర్లో మాట. సిడ్నీ పెండిల్ హిల్‌లో రైలెక్కి, ఎదుటి సీటు మురికవకుండా పేపరు పరిచి బూటుకాళ్ళు చాపుకున్నాను.

పక్కన కూర్చున్న సిక్కు పెద్దాయన హిందీలో, “బేటా, ఆ పేపరు ఒకసారి ఇస్తావా?” అన్నారు.

తీసి చూద్దును కదా, అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం ఫొటో! లోపల దాక్కున్న మిలిటెంట్ల కోసం వచ్చిన జవాన్లు పాలరాతి మీద తుపాకులతో నిలబడి ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన పేపరు అందుకుని, ముందు తన బూట్లు విప్పి సీటు కిందికి నెట్టారు. తర్వాత రుమాలుతో ఫొటో తుడిచి చాలాసేపు చూశారు.

“దాక్కున్నవాళ్ళూ బూట్లు విప్పలేదు, పట్టుకోవడానికొచ్చినవాళ్ళూ విప్పలేదు,” అన్నారు.

పారమాటాలో బూట్లు తొడుక్కుని దిగుతూ పేపరు మడిచి నా చేతికిచ్చారు. సెంట్రల్ స్టేషన్ దాకా దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాను. దిగబోతుంటే గానీ గమనించలేదు, నా బూట్లూ సీటు కిందే ఉన్నాయి.