గుంత, కుంట

ఆ రోజు పొద్దున హాస్టల్ స్నానాల గది గోడ మీద ఒక నత్త ఎక్కుతూ కనిపించింది. దాని వెనక సన్నటి తడి గీత. దాన్నే చూస్తుండగా అమ్మ ఫోన్ చేసింది.

"మన గొర్ల అవ్వ పోయింది బిడ్డా."

మా ఊరు నార్కట్‌పల్లి దాటాక వస్తుంది. అవ్వది మా పక్కిల్లు. చుట్టరికం లేదు. కాన్వెంటు బస్సు దిగి, అమ్మ పొలం నుంచి వచ్చేదాకా నేను పుస్తకం పట్టుకుని కూర్చున్నది మాత్రం ఆమె గడపలోనే.

ఒక ఏడాది ఆమె గొర్రెలకు దవడ కింద నీరు దిగి, ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయట. నత్తల్లో పెరిగే పురుగు గడ్డి మీదికి చేరి, మేసిన గొర్రె కార్జంలో జలగ అవుతుందని పశువుల డాక్టరు చెప్పాడు. గారకాయలు నత్తలను చంపుతాయని అవ్వకు చిన్నప్పుడే వాళ్ళ నాయిన చెప్పి ఉన్నాడు. మంద నీళ్ళు తాగే గుంత చుట్టూ గార మొక్కలు నాటింది. కాపుకు వచ్చేదాకా ఏళ్ళ తరబడి బిందెలతో నీళ్ళు మోసింది.

"ముండ్ల చెట్టుకు నీళ్ళు పోసేటిది ఊర్ల నువ్వొక్కదానివే అత్తా," అని అమ్మ నవ్వేది.

"నీ నోటికన్న గీ ముండ్లు నయమేనే. నత్త కనవడ్తె నాకు గొర్రె కార్జం కనవడ్తది," అనేది అవ్వ.

మొదట్లో కాసిన పిడికెడు కాయలనే దంచి గుంతలో వేసేది. నాలుగు రోజులు మందను అటు పోనిచ్చేది కాదు. తర్వాత చూస్తే అడుగున ఖాళీ గుల్లలే.

నేను ఎనిమిదిలో ఉన్న ఎండాకాలం చెట్లు విరగకాశాయి. అవ్వకు జ్వరం. దంచిన కాయల తట్ట చూపించి, "జర గుంతల పోసి రా బిడ్డా," అంది. పళ్ళు లేని నోరు. నాకు కుంట అని వినబడింది. ఈసారి కాయలు ఎక్కువ కదా, కుంటలోనూ నత్తలుంటాయి కదా అనుకున్నాను. మళ్ళీ అడగడానికి సిగ్గుపడ్డాను.

కుంటలో అప్పటికి మోకాటిలోతు నీళ్ళే మిగిలాయి. మర్నాడు చేపలు తెల్లటి పొట్టలతో తేలాయి. అందులో చేపపిల్లలు వదిలి పెంచుకుంటున్న ఆయన అవ్వ వాకిట్లోకి వచ్చి అరిచాడు.

"ఎవరు పోసిండ్రే? గా గారకాయలు నీయే గదా!"

నేను తలుపు వెనక ఉన్నాను. అవ్వ నా వైపు చూడలేదు.

"నేనే పోసిన అయ్యా. జరంల సోయి లేకపాయె."

ఆ సాయంత్రమే ఆయన మనుషులు వచ్చి గుంత చుట్టూ ఉన్న గార చెట్లన్నీ నరికేశారు. అవ్వ మంచంలోంచి ఆ చప్పుడు విన్నది. పక్కన కూర్చుని నేనూ విన్నాను.

వానలు పడగానే గింజలు నా చేతిలో పోసి, "మల్ల నాటుదాం పా," అంది. ఇద్దరం నాటాం. నాటుతూ, నాకు కుంట అని వినబడిందని చెప్పాలని నోరు తెరిచాను. "మాటలు తర్వాత. మన్ను గట్టిగ నొక్కు," అంది. నేనేం చెప్పబోతున్నానో తెలిసే అన్నదేమో. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఫోన్ రాగానే ఊరికి పోయాను. అవ్వను మట్టి చేసి వస్తుంటే వెనక ఎవరో అన్నారు, "చేపల సంపిన ముసల్ది గీమెనే గదా." నేను అప్పుడూ మాట్లాడలేదు. అందుకే రాస్తున్నాను. అవ్వ గుంత అంది. కుంటలో పోసింది నేను.

అవ్వకు చేపల పులుసంటే ప్రాణం. ఆ ఎండాకాలం తర్వాత ఆమె చేప ముట్టలేదు.